అంకెకు చీటీ ఎందుకు కట్టాలి?

మన ట్రస్టు ఉపకార వేతనం అందుకునేవారిలో కామర్స్ చదివే పిల్లలూ ఉన్నారు కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను బ్యాంకులో గుమస్తాగా చేరిన కొత్తలో, అప్పు కోసం వచ్చే కంపెనీల బ్యాలెన్స్ షీటు అంకెలను మా ఫారంలోకి చేత్తో ఎక్కించేవాళ్ళం. ఒకసారి పైన చిన్న అక్షరాలతో ఉన్న “వేల రూపాయలలో” అన్న మాట గమనించక, అన్నీ లక్షలుగా వ్రాసేశాను. కంపెనీ కాస్తా కాగితం మీద నూరింతలైంది! ఆఫీసరుగారు పట్టుకున్నారు కాబట్టి బతికిపోయాను. అంకె ఒకచోట, దాని అర్థం మరొకచోట ఉంటే ఇలాగే జరుగుతుంది. పి.డి.ఎఫ్. ప్రతి నుంచి టైపు చేసుకున్నా ఇదే చిక్కు.

1998లో అమెరికాలో ఛార్లెస్ హాఫ్‌మన్ అనే అకౌంటెంటు ఆలోచనతో మొదలైన ఎక్స్‌బీఆర్‌ఎల్ పద్ధతి దీనికి విరుగుడు. ఇందులో ప్రతి అంకెకూ చీటీ ఉంటుంది. ఏ కంపెనీది, ఏ తేదీది, రూపాయలా డాలర్లా, అమ్మకమా, రావలసిన బాకీయా అన్నది అందులోనే ఉంటుంది. ఊరగాయ జాడీలకు చీటీలు అంటించినట్లే. ఏ చీటీకి ఏ అర్థమో ముందే నిర్ణయించి ఉంటుంది గనుక కంప్యూటరు నేరుగా చదువుకుంటుంది.

మన కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2010-11 లెక్కలతో దీన్ని తప్పనిసరి చేసింది. లిస్టయిన కంపెనీలు, 5 కోట్ల చెల్లించిన మూలధనం లేక 100 కోట్ల టర్నోవరు ఉన్నవి మొదట వచ్చాయి. బ్యాంకులు, బీమా కంపెనీల వంటివాటిని అప్పట్లో మినహాయించారు. ఖర్చు ఎక్కువని కొందరు గొణుగుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

అయితే చీటీ ఉన్నంత మాత్రాన జాడీలో సరుకు మంచిదని కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. అటువంటి అంకెకు చీటీ కట్టినా అబద్ధం అబద్ధమే. ఆడిటర్లు నేరుగా బ్యాంకునే అడిగి నిర్ధారించుకోవాలి.

మరి లాభమేమిటంటారా? అమ్మకాలు పెరుగుతున్నా బాకీలు వసూలు కాని కంపెనీ, సాటి కంపెనీల పక్కన పెడితే త్వరగా కంటబడుతుంది. పదవీ విరమణ సొమ్ముతో షేర్లు కొనే మావంటి వారికి ఇది చిన్న విషయం కాదు.

సెలవుల్లో ఒక పని చేయండి. బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ. వెబ్‌సైట్లలో లిస్టయిన కంపెనీల ఫలితాలు ఈ రూపంలో దొరుకుతాయి. ఒకే వ్యాపారం చేసే రెండు కంపెనీల అమ్మకాలు, రావలసిన బాకీలు నాలుగేళ్ళవి పక్కపక్కన వేసి చూడండి. తేడా కనబడితే మీ లెక్చరరుగారిని అడగండి.