బట్ట వయసు చెప్పే గడియారం

పెట్టెలోంచి అమ్మమ్మల నాటి పట్టుచీర తీస్తే "ఇది ఎన్నేళ్లదో!" అనుకుంటాం. ఎవరి పెళ్లిలో కొన్నారో చెప్పే పెద్దవాళ్లుంటే లెక్క తేలుతుంది. మరి చెప్పేవాళ్లెవరూ లేని వందల, వేల ఏళ్ల నాటి వస్తువు మాటేమిటి? దానిలోనే ఒక గడియారం ఉంటుందండీ. దాని పేరు కార్బన్-14.

మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆకునూ, నారనూ తయారుచేసుకుంటాయి కదా! ఆ వాయువులోని కార్బన్‌లో అతి స్వల్పభాగం కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పైగాలిలోని నత్రజని నుంచి ఇది పుడుతూనే ఉంటుంది. మొక్క బతికున్నంతకాలం కొత్తది చేరుతుంది. మొక్కను తిన్న జీవులకూ చేరుతుంది. ప్రాణం పోయాక రాబడి ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు.

ఆ ఖర్చుకు ఒక లెక్క ఉంది. 5,730 ఏళ్లకు సగం తరుగుతుంది. మరో 5,730 ఏళ్లకు అంతా అయిపోదు సుమండీ! మిగిలినదాంట్లో సగం పోయి, పావు వంతు ఉంటుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు గనుక, పాత చెట్ల వలయాలతో సరిచూసి లెక్క దిద్దుతారు. అమెరికా శాస్త్రవేత్త విల్లార్డ్ లిబ్బీ ఈ పద్ధతి కనిపెట్టినందుకు 1960లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఒక అవిసెనార బట్ట ఉంది. ఏసుక్రీస్తు దేహానికి చుట్టినది అదేనని ఎందరో భక్తుల నమ్మకం. తొలినాళ్ల పద్ధతిలో అయితే పరీక్షకు పెద్ద ముక్కే కోయాలి. అంత పవిత్రంగా చూసుకునే బట్టను కోయనిస్తారా? తర్వాత వచ్చిన యంత్రాలకు తపాలాబిళ్లంత ముక్క చాలింది. 1988లో ఆక్స్‌ఫర్డ్, జూరిచ్, అరిజోనా ప్రయోగశాలలు మూడూ వేర్వేరుగా పరీక్షించి, ఆ నార క్రీ.శ. 1260–1390 మధ్యకాలానిదని తేల్చాయి. అంటే క్రీస్తు తర్వాత 1,200 ఏళ్లకు పైబడిన మాట! ముక్క తీసిన చోట తర్వాతి కాలంలో మరమ్మతు చేసిన దారాలున్నాయేమోనని వాదించినవారూ ఉన్నారు. అందుకే ముక్క ఎక్కడ తీశారన్నది కూడా ముఖ్యమే.

ఒకటి గుర్తుంచుకోండి. ఈ గడియారం చెప్పేది అవిసె మొక్కను కోసిన కాలాన్ని మాత్రమే. నేసినదెవరో, ఎందుకు నేశారో చెప్పదు. బంగారానికీ, రాయికీ ఇది పనికిరాదు. సుమారు 50,000 ఏళ్లు దాటితే కొలవడానికి తగినంత మిగలదు కూడా.

ఇకమీదట ఎవరైనా తాళపత్రం చూపించి "ఇది వెయ్యేళ్ల నాటిది" అంటే, "ఎలా తెలిసిందండీ?" అని అడగండి. ఆకు వయసు తేలితే, దానిమీది రాత అంతకన్నా పాతది కాదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.