ఫిడేలు నాయుడు గారు: ఒక సైన్సు విద్యార్థి విన్నంత మేరకు

సంగీతాన్ని గురించి రాసే అర్హత నాకు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మాది కోరుట్ల పక్క పల్లె. వరి, పసుపు మా బతుకు. మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ తంబూర ముట్టలేదు. నేను చదివేది బి.ఎస్సీ. అయినా ఈ సంచికకు ఒక ఫిడేలు విద్వాంసుని గురించి రాయడానికి రెండు కారణాలున్నవి. ఒకటి, మన జగిత్యాల కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ఉన్న సోనోమీటరు. రెండు, మా తమ్ముడు.

సోనోమీటరు మన సైన్సు మిత్రులందరికీ ఎరుకే. పొడుగాటి చెక్కపెట్టె, దాని మీద ఒక తీగ, తీగ కొసకు బరువులు. తీగను పొట్టి చేస్తే స్వరం పెరుగుతుంది. సగం చేస్తే పై స్థాయి షడ్జమం పలుకుతుంది. బరువు నాలుగింతలు చేస్తేనే స్వరం రెండింతలవుతుంది. లెక్క కుదిరినప్పుడు ట్యూనింగ్ ఫోర్కును పెట్టెకు ఆనిస్తే తీగ మీది కాగితం ముక్క ఎగిరి పడుతుంది. రికార్డు రాసి మార్కులు వేయించుకొని మరిచిపోవడం మన అలవాటు.

నాకు మాత్రం ఆ తీగ సంగతి సిరిసిల్లలో మళ్లీ గుర్తుకొచ్చింది. ఒక మిత్రుని ఇంటికి పోతే వాళ్ల నాయన సాంచాల మీద పని చేస్తున్నాడు. అంత చప్పుడులో ఎక్కడో ఒక పోగు తెగింది. ఆయన తల తిప్పకుండానే సాంచా ఆపిండు. "కండ్లతోని చూస్తే ఆలస్యమైతది బిడ్డా, చెవి ముందు చెప్తది" అన్నడు. ఆ మాట నా మనసులో నాటుకుంది. ఎందుకంటే మా తమ్మునికి చిన్నప్పటి నుంచి చూపు తక్కువ. ముందు బెంచీలో కూర్చున్నా బోర్డు కనపడదు. ఒక బడిలో "వీనికి చదువెందుకు, ఇంట్లో ఉంచుకోండి" అని మా బాపుతో అన్నారు. బాపు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి పొలానికి పోయిండు.

అటువంటి చూపే గల ఒక పిల్లవాని కథ ఇది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. చూపు బలహీనం కావడంతో బడి చదువు ముందుకు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు చేతికిచ్చి తొలి పాఠాలు చెప్పారు.

ఇక్కడ ఫిడేలు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇది మన గడ్డ మీద పుట్టిన వాద్యం కాదు. ఇప్పటి రూపం ఇటలీలో పదహారో శతాబ్దంలో తయారైంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో ఇంగ్లీషువారి బ్యాండు విని, ఆ వాద్యం నేర్చుకొని, మన సంగీతానికి మలిచాడు. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద పెట్టి వాయిస్తారు. మనవాళ్లు పద్మాసనంలాగా కూర్చొని, దాని తలను కుడి పాదం మీద ఆనించుకుంటారు. తీగల శృతి కూడా మార్చి స, ప, స, ప అని కట్టుకున్నారు.

పరాయి వాద్యం మనకు అంత తొందరగా ఎట్లా ఒదిగింది? వీణకు మెట్లుంటాయి, ఫిడేలుకు లేవు. వేలు తీగ మీద ఎక్కడైనా ఆగవచ్చు, ఎక్కడికైనా జారవచ్చు. మన గమకానికి కావలసింది సరిగ్గా అదే. అయితే ఆ స్వేచ్ఛలోనే కష్టమూ ఉంది. వేలు వెంట్రుకవాసి జరిగితే స్వరం చెడుతుంది. ఎక్కడ పెట్టాలో చూపించే గుర్తు ఏదీ లేదు. అంటే ఈ వాద్యం ముందు చూపున్నవాడు, లేనివాడు ఇద్దరూ సమానమే. చెప్పవలసింది చెవి.

రెండో కష్టం కమాను. కమానుకు గుర్రపు వెంట్రుకలు కట్టి, వాటికి చెట్టుబంక నుంచి తీసే రోజిన్ రుద్దుతారు. ఆ వెంట్రుకలు తీగను పట్టుకొని కొంచెం లాగుతాయి. బిగువు మించగానే తీగ జారి వెనక్కు పోతుంది. మళ్లీ పట్టు, మళ్లీ జారు. సెకనుకు 440 కంపనాల స్వరం కావాలంటే ఈ పట్టూ జారూ 440 సార్లు జరగాలి. దీన్ని పందొమ్మిదో శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పరిశీలించి వివరించాడు. నొక్కు ఎక్కువైతే గరగర, తక్కువైతే ఈలకూత. ఈ రెంటి నడుమ సన్నని గట్టు మీద నడవాలి.

ఈ రెండు కష్టాలతోనే కుస్తీ పట్టిన ఇంకొక మనిషి నాయుడు గారికి రెండు వందల ఏండ్ల ముందు ఇటలీ వైపు ఉన్నాడు. పేరు జుసెప్పె తార్తీని, 1692లో పుట్టి 1770లో పోయాడు. 1716లో వెరచీని అనే విద్వాంసుని వాద్యం విని, తన కమాను పని ఎంత తక్కువో తెలుసుకొని, ఒక ఊళ్లో ఒంటరిగా ఉండి సాధన చేశాడట. రెండు తీగలను కచ్చితమైన శృతిలో కలిపి వాయిస్తే, ఎవరూ వాయించని మూడో స్వరం ఒకటి కింది నుంచి వినిపిస్తుందని ఆయన గమనించాడు. 300, 200 కంపనాల స్వరాలు కలిస్తే 100 కంపనాల స్వరం చెవికి తోస్తుంది. ఆ మూడో స్వరం వినపడకపోతే మీ శృతి తప్పినట్టే అని శిష్యులకు చెప్పేవాడు. ఏ పరికరమూ లేకుండా చెవితో చేసిన ప్రయోగం అది. పాదువాలో ఆయన పెట్టిన బడికి యూరపు నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చారు.

మన నాయుడు గారికి అటువంటి బడి విజయనగరంలో దొరికింది. దివాణంలో పనిచేసే ఒకాయన అంధ కుమారునికి సంగీతం చెప్పించాలన్న తలంపుతోనే అక్కడి సంగీత కళాశాల మొదలైందని చెబుతారు. 1919లో మహారాజు విజయరామ గజపతి దాన్ని స్థాపించారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు విద్యార్థిగా చేరబోతే, ఆయన వాద్యం విని ఆచార్యునిగానే తీసుకున్నారని అంటారు. అప్పటికి ఆయన వయసు 26 ఏండ్లు. 1936లో తానే ప్రిన్సిపాలయ్యారు.

ఆయన చేసిన పెద్ద పని మరొకటుంది. అప్పటిదాకా ఫిడేలు అంటే పక్కవాద్యం. గాయకుని నీడలో నడవాలి. నాయుడు గారు దాన్ని కచేరీ మధ్యలో కూర్చోబెట్టారు. 1938లో వేలూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1952లో మన దేశానికి వచ్చిన యెహూదీ మెనుహిన్ ఆయన వాద్యం విని మెచ్చుకున్నాడు. 1964 నవంబరు 25న నాయుడు గారు కన్నుమూశారు. 1993లో శతజయంతికి తపాలా బిళ్ల వెలువడింది. విశాఖలో ఆయన పేర కళాక్షేత్రం ఉంది. వీటన్నిటికన్నా పెద్ద ఆస్తి ఆయన తయారు చేసిన శిష్యులు, ఆ కళాశాల.

ఆయన పాత రికార్డింగు ఒకటి ఫోనులో పెట్టి మా ఇంట్లో వినిపించిన. బాపు కాసేపు విని, "ఏందిరా గది, మనిషి పాడినట్టే ఉన్నది గని మాట లేదు" అన్నడు. సంగీతం తెలిసినవారు నాయుడు గారి కమానును ఎట్లా మెచ్చుకుంటారో నాకు తెలియదు. మా బాపు అన్న మాట మాత్రం నాకు చాలు. తమ్ముడు ఏమీ అనలేదు. మరునాడు వాడే ఫోను అడిగి మళ్లీ విన్నడు. తీగ మారిన ప్రతిసారీ మోకాలి మీద వేలుతో కొడుతూ లెక్కపెట్టిండు.

నాయుడు గారికి చూపు తగ్గినందువల్ల గొప్పతనం రాలేదు. చూపు తగ్గిన పిల్లవాని చేతికి ఒక పని ఇచ్చిన అన్న ఉన్నాడు. చేర్చుకున్న కళాశాల ఉంది. ఆ మీద ఏండ్ల తరబడి సాధన ఉంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా ఈ వ్యాసం ఉండేది కాదు.

వచ్చే ఏడు మా తమ్ముడు ఇంటరు ముగించి మన కాలేజీకే వస్తడు. వానికి ఫిడేలు వస్తుందో రాదో చెప్పలేను. మిత్రులకు నా మనవి ఒక్కటే. ముందు బెంచీలో వానికి ఒక చోటు ఉంచండి. బోర్డు మీద రాసింది పక్కన కూర్చొని గట్టిగా చదివే ఒక గొంతు ఇవ్వండి. సోనోమీటరు దగ్గరికి వచ్చినప్పుడు, కాగితం ముక్క ఎగిరిందా లేదా అని వానికి ఎవరూ చెప్పనక్కరలేదు. అది వాడే విని చెప్తడు.