ఒకే వరుసలో నాలుగు చక్రాలు

ఇన్‌లైన్ స్కేట్లు వేసుకునే మిత్రులు మన కాలేజీలో కొందరున్నారు. ఎవరినడిగినా ఒకటే మాట: "ఇవి తిరగడం లేదు, కొత్తవి కొనాలి." కొనక్కర్లేదని నా వాదం. దోషం బూటులో లేదు, దాని కిందున్న చక్రాల అమరికలో ఉంది.

మామూలు స్కేటుకు నాలుగు చక్రాలూ ఒకే సైజు. 80 మి.మీ. వ్యాసం గల వాటిని ఒక్కో మి.మీ. సందుతో బిగిస్తే మొదటి ఇరుసుకూ చివరి ఇరుసుకూ మధ్య దూరం 243 మి.మీ. అంత పొడుగూ నేలకు ఆని ఉంటుంది కనుక తిన్నగా పోవడానికి మంచి నిలకడ. మలుపు తిప్పబోతే మాత్రం మొండికేస్తుంది. ఇప్పుడు రెండు కొసల్లోనూ 76 మి.మీ. చక్రాలు పెట్టండి. వ్యాసార్ధం 2 మి.మీ. తగ్గింది కాబట్టి ఆ కొసలు అంతమేర నేలకు ఎడమవుతాయి. నేలను తాకేవి 81 మి.మీ. దూరంలో ఉన్న మధ్య చక్రాలు రెండే. బరువు కాస్త అటో ఇటో వేస్తే చాలు, గిర్రున తిరుగుతుంది. దీన్నే రాకరింగ్ అంటారు. వేగంగా పోదలచినవాళ్ళకు ఇది పనికిరాదు, స్కేటు వణుకుతుంది.

ఇదేమీ నేటి ఊహ కాదు. 1823లో లండన్‌లో రాబర్ట్ జాన్ టైయర్స్ పేటెంటు పొందిన 'రోలిటో'కు ఒకే వరుసలో ఐదు చక్రాలు. మధ్యవి పెద్దవి, కొసలవి చిన్నవి! 1863లో అమెరికాలో ప్లింప్టన్ రెండు జతల చక్రాల స్కేటు తెచ్చాక వరుస పద్ధతి మూలపడింది. 1980 ప్రాంతంలో మినియాపొలిస్‌లో ఓల్సన్ సోదరులు దాన్ని మళ్ళీ పైకి తీశారు.

ఇక పెద్ద చక్రాల మోజు. బండి చక్రం పెద్దదైతే గతుకు తెలియదని ఊళ్ళో ఎవరైనా చెప్తారు. లెక్కా అదే అంటుంది: 5 మి.మీ. ఎత్తు రాయి ఎక్కడానికి ఇరుసు దగ్గర అడ్డంగా నెట్టవలసిన బలం, 80 మి.మీ. చక్రానికైతే దానిపై పడే బరువులో 55 శాతం, 110 మి.మీ. చక్రానికైతే 46 శాతం. కానీ ఇరుసు 15 మి.మీ. పైకి పోతుంది, చీలమండకు శ్రమ. పైగా 80కి చేసిన ఫ్రేములో 110 దూరనే దూరదు.

ఎవరూ పట్టించుకోనిది స్పేసరు. ప్రతి చక్రంలోనూ రెండు 608 రకం బేరింగులు, వాటి నడుమ చిన్న గొట్టం ఉండాలి. అది లేకుండా ఇరుసు బిగిస్తే లోపలి రింగులు నొక్కుకుపోయి గుండ్లు పట్టేస్తాయి. పట్టేసింది కదా అని మర వదులు చేస్తారు. పరుగులో అది ఊడితే రాలేవి మన పళ్ళే. చౌకరకం కొన్నవారు ముందు ఒక చక్రం విప్పి చూసుకోవాలి.

అబెక్ 7, అబెక్ 9 అంటూ డబ్బు పోయడం నాకు నచ్చదు. అది కొలతల నిక్కచ్చితనం చెప్పే అంకె, వేగం కాదు. గంటకు 20 కి.మీ. పోయినా 80 మి.మీ. చక్రం తిరిగేది నిమిషానికి సుమారు 1,330 చుట్లే. బేరింగుకు అదొక లెక్కా?

చక్రాలు లోపలి అంచునే ఎక్కువ అరుగుతాయి. అప్పుడప్పుడు 1వ దాన్ని 3వ దానితో, 2వ దాన్ని 4వ దానితో మార్చి, అరిగిన వైపు బయటికి వచ్చేలా బిగించాలి. రాకరింగ్ చేసినవాళ్ళు మాత్రం కొసలవి కొసల్లోనే, మధ్యవి మధ్యలోనే మార్చుకోవాలి.