తనఖా ఇల్లు, అప్పు రాత: అమెరికా గృహరుణాల అనుభవం

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో తాకట్టును ‘రహన్’ అంటారు. అప్పిచ్చినవాని సొమ్ముకు భద్రత కల్పించడమే దాని ఉద్దేశం. అప్పు తీసుకున్నవాని ఆస్తిని చేజిక్కించుకునే దారి చూపడం కాదు. అజ్ఞానకాలపు అరబ్బులలో గడువునాటికి బాకీ తీరకపోతే, ఆ బాకీ ఎంత స్వల్పమైనా, తాకట్టు వస్తువు ఋణదాతకు దఖలు పడిపోయేది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఈ ఆచారాన్ని రద్దు చేశారు. ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఆ హదీసు ఉన్నది. గడువు దాటినంత మాత్రాన తాకట్టు మునిగిపోదు. వస్తువును అమ్మితే బాకీ పోను మిగిలిన సొమ్ము యజమానిది. చాలకపోతే ఆ లోటు అప్పుగానే నిలుస్తుంది. యజమాని అమ్మనని మొరాయిస్తే ఖాజీ అతనిని నిర్బంధించి దారికి తేవలెనా, లేక తానే అమ్మించవచ్చునా అన్న విషయంలో ఇమామ్ అబూ హనీఫాకు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లకు అభిప్రాయభేదం ఉన్నది. కాని యజమాని వకాలతు లేకుండా ఋణదాత తనంత తానుగా అమ్ముకోరాదన్నది స్పష్టం.

అమెరికాలో 2007 తరువాత లక్షలాది కుటుంబాలు ఇండ్లు పోగొట్టుకున్న వైనాన్ని ఈ వెలుగులో పరిశీలించడం అవసరం. ఆ విపత్తును వడ్డీ ఒక్కదానికే అంటగట్టి ఊరుకుంటే సగం సంగతి మరుగున పడిపోతుంది.

వడ్డీ పాత్ర చిన్నదేమీ కాదు. రాబడి చాలని వారికి, పాత బాకీలు సరిగా తీర్చని వారికి కూడా ఆ రోజులలో విరివిగా గృహరుణాలిచ్చారు. వాటిలో ఒక రకం ప్రకారం మొదటి రెండేండ్లు తక్కువ వడ్డీ. తరువాత ఇరవై ఎనిమిదేండ్లు బజారును బట్టి మారే వడ్డీ. రెండేండ్లు నిండగానే నెలవారీ కంతు ఒక్కసారిగా పెరిగేది. ఇంటి ధర పెరుగుతున్నంతకాలం కొత్త అప్పు తెచ్చి పాతది తీర్చేవారు. 2006లో ధరలు పతాకస్థాయికి చేరి దిగజారడంతో ఆ దారి మూసుకుపోయింది. ఇంటి విలువ బాకీ కంటే తగ్గిపోయింది. అమ్మినా అప్పు తీరదు, ఉంచుకున్నా కంతు కట్టలేరు. దానికితోడు ఉద్యోగాలు పోయాయి.

అయితే అప్పిచ్చిన సంస్థ అంత నిర్లక్ష్యంగా ఎందుకిచ్చింది? ఆ అప్పును అది తన వద్ద ఉంచుకోదు గనుక. వేలాది అప్పులను ఒక మూటగా కట్టి, ఆ మూటపై పత్రాలు సృష్టించి, ప్రపంచమంతటా ఉన్న మదుపరులకు అమ్మివేశారు. అప్పు చెడితే నష్టం మరొకరిది. కుదిర్చినందుకు రుసుము మాత్రం తమది. హనఫీ ఫిఖ్హ్‌లో అప్పును అప్పుదారుకు తప్ప మూడవవానికి అమ్మడం చెల్లదు. ఈ నియమం ఆధునిక వాణిజ్యానికి సంకెల అని తీసిపారేసేవారు ఈ సంఘటనలను తీరికగా చదవడం మంచిది.

ఇక రాత సంగతి. అమెరికాలో గృహరుణానికి రెండు పత్రాలుంటాయి: తీరుస్తానని రాసిచ్చే నోటు, ఇంటిని తనఖా పెట్టే దస్తావేజు. తనఖా చేతులు మారినప్పుడల్లా ఆ మార్పును కౌంటీ కచేరీలో రుసుము కట్టి నమోదు చేయించడం పూర్వపు పద్ధతి. ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. అప్పులు నెలకొకరి చేతికి మారడం మొదలయ్యాక ఈ ఖర్చు, జాప్యం సంస్థలకు భారమయ్యాయి. 1995లో అవి కలిసి ‘మెర్స్’ అనే ఉమ్మడి ఎలక్ట్రానిక్ రిజిస్టరును నెలకొల్పుకున్నాయి. కౌంటీ పుస్తకంలో తనఖాదారుగా మెర్స్ పేరే ఉంటుంది. లోపల అప్పు ఎన్ని చేతులు మారినా బయటి పుస్తకంలో మార్పు కనిపించదు. బహిరంగ చిట్టా ఆ విధంగా సగం మూగదైపోయింది. ఇల్లు వేలం వేసే ఘడియ వచ్చినప్పుడు, అసలు వేలం వేసే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు చాలాచోట్ల సరైన జవాబు దొరకలేదు.

మసాచుసెట్స్ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానం 2011 జనవరిలో ఇచ్చిన తీర్పు ఇందుకు తార్కాణం. స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని రెండు ఇండ్లను బ్యాంకులు 2007లో వేలం వేసి తామే కొనుక్కున్నాయి. వేలం నాటికి తనఖా తమ పేరిట బదిలీ అయినట్లు అవి రుజువు చేయలేకపోయాయి. ఒక ఇంటి విషయంలోనైతే, వేలం జరిగి ఏడాది దాటిన తరువాతగాని బదిలీ పత్రం పుట్టనేలేదు! కోర్టు ఆ రెండు వేలాలూ చెల్లవన్నది. వేలానికి ముందుగా కోర్టు అనుమతి అక్కరలేని రాష్ట్రమది. తనఖా పత్రంలోని అధికారమే వేలానికి ఆధారం. అది ఫిఖ్హ్‌లోని వకాలతు వంటిదే. వకాలతు లేనివాని అమ్మకం చెల్లదన్నదే ఆ తీర్పు సారం.

కోర్టు ద్వారానే వేలం వేయవలసిన రాష్ట్రాలలో మోసం మరో రూపం దాల్చింది. లెక్కలు తాను స్వయంగా పరిశీలించానని ప్రమాణపత్రంపై సంతకం చేయవలసిన ఉద్యోగి, చదవకుండానే నెలకు వేల పత్రాలపై సంతకాలు చేసినట్లు 2010లో బయటపడింది. ఆ శరత్తులో పెద్ద సంస్థలు కొన్ని వేలాలు తాత్కాలికంగా ఆపుకున్నాయి. దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 282వ ఆయతులో అప్పును వ్రాతలో పెట్టమని, లేఖకుడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులు ఉండాలని ఆదేశమున్నది. 280వ ఆయతు ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి గడువివ్వమంటుంది. ఇక్కడ ఈ రెండు ఆదేశాలూ ఒకేచోట ఉల్లంఘింపబడ్డాయి.

తరువాత సంస్కరణలు వచ్చాయి. 2012లో అయిదు పెద్ద సంస్థలు 49 రాష్ట్రాలతో, కేంద్ర ప్రభుత్వంతో సుమారు 2,500 కోట్ల డాలర్ల ఒడంబడిక చేసుకున్నాయి. అందులో ఇల్లు పోగొట్టుకున్నవారికి నేరుగా ముట్టిన నగదు తలా రెండు వేల డాలర్ల లోపే. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టాన్ని అనుసరించిన నిబంధనలు 2014 జనవరిలో అమలులోకి వచ్చాయి. అప్పు తీర్చే స్తోమతు ఉన్నదో లేదో చూసిన తరువాతే ఇవ్వాలి. సాధారణంగా బకాయి 120 రోజులు దాటనిదే వేలం చర్య ప్రారంభించరాదు. ఈ రెండవది గడువు ఆదేశానికి దూరపు నీడ అనవచ్చు. హక్కుల నమోదు మాత్రం పెద్దగా మారలేదు. నోటు చేతిలో లేని మెర్స్ తమ చట్టం ప్రకారం లబ్ధిదారు కాజాలదని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2012లో చెప్పినా, మెర్స్ వ్యవస్థ కొనసాగింది. కౌంటీ కచేరీ కూడా తనకు అందిన దస్తావేజును నమోదు చేస్తుందే గాని హక్కుకు పూచీపడదు. అందుకే అక్కడ ఇల్లు కొనేవారు హక్కు బీమా తీసుకుంటారు. మన దేశంలో 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద జరిగేదీ దస్తావేజు నమోదే. 1858లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రవేశపెట్టిన టారెన్స్ పద్ధతిలో ప్రభుత్వమే హక్కుకు హామీ ఉంటుంది. మిన్నెసోటా, హవాయి వంటి కొన్నిచోట్ల అది అమెరికాలోనూ ఉన్నది.

అమెరికా ముస్లింలు ముషారకా, ఇజారా, మురాబహా పద్ధతులలో ఇండ్లు కొనే ఏర్పాట్లు చేసుకున్నారు. అక్కడి బ్యాంకు నియంత్రణాధికారులు ఇజారాకు 1997లో, మురాబహాకు 1999లో అంగీకారం తెలిపారు. కాని ఈ ఒప్పందాలకు కూడా భద్రతగా కౌంటీలో తనఖా దస్తావేజు నమోదవుతుంది. కంతు ఆగితే వేలం చట్టం అదే. కనుక ఒప్పందంలో వడ్డీ లేదని తృప్తిపడక, ధర పడిపోతే నష్టం ఎవరు భరిస్తారు, భాగస్వామి తన వాటాను ఎవరికి అమ్ముతాడు, వేలంలో మిగిలిన సొమ్ము ఎవరికి చెందుతుంది అన్న మూడు షరతులను సంతకానికి ముందే ఆలిముకు, వకీలుకు చూపించుకోవాలి.