కొన్నది చదివే అనుమతే

పరిశోధన పత్రిక బజారులో బియ్యం లాంటి సరుకు కాదు. ఒక కొట్లో ధర ఎక్కువైతే పక్క కొట్టుకు పోవడానికి వీల్లేదు. కావలసిన వ్యాసం ఒక్కచోటే ఉంటుంది. అందువల్ల ఒంటరిగా బేరానికి వెళ్లిన విశ్వవిద్యాలయ గ్రంథాలయం చెప్పిన ధరకు తలవంచక తప్పదు. గ్రంథాలయాలు కూటమి కట్టింది ఇందుకే. మన దేశంలో 2015లో మూడు కూటములు కలిసి ఈ-శోధ్‌సింధు అయ్యాయి. 2024 నవంబరులో కేంద్రం ‘ఒకే దేశం ఒకే చందా’ను ఆమోదించింది: మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 పత్రికలు. జిల్లాలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికీ ఇవి అందుతాయి. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవారితో నేను ఏకీభవించను.

అయితే ఈ సరుకు తయారైన తీరు చూడండి. పరిశోధనకు ఖర్చు చాలావరకు ప్రజాధనం. వ్యాసం రాసినవారికీ, బాగోగులు పరిశీలించినవారికీ ప్రచురణకర్త సాధారణంగా పైసా ఇవ్వడు. తిరిగి దాన్నే ప్రజాధనంతో కొనాలి! అదీ గడువున్న అనుమతి. కాగితపు సంచికలా బీరువాలో మిగలదు. సొంతంగా పరిశోధించేవారు ఎటూ గుమ్మం బయటే.

జర్మనీ గ్రంథాలయాలు ఎల్సెవియర్‌తో ఒప్పందం లేకుండా ఏళ్ల తరబడి నిలబడ్డాయి. 2023లో అవి సంతకం చేసిన ఒప్పందంలో తమ పరిశోధకుల వ్యాసాలను లోకమంతా ఉచితంగా చదవవచ్చుననే షరతు ఉంది.