విమర్శ – సంస్కారం

ఒక రచన చదివిన తరువాత పాఠకుని మనస్సులో ఏదో ఒక స్పందన కలుగుతుంది. కొందరు 'బాగుంది' అని ఊరుకుంటారు. మరికొందరు 'ఇందులో ఏమీ లేదు' అని పుస్తకం మూసివేస్తారు. ఈ రెండు మాటల వల్ల రచయితకు గాని, తోటి పాఠకునికి గాని కలిగే ప్రయోజనం స్వల్పం. ఏది బాగుంది, ఎందుకు బాగుంది, ఎక్కడ ఏది లోపించింది అని వివరించగలిగినప్పుడే ఆ స్పందన వ్యాఖ్య అవుతుంది. అటువంటి వ్యాఖ్య రచనకు ఆయుష్షు పోస్తుంది. కావ్యం రాయడానికి ప్రతిభ ఎంత అవసరమో, దానిని గూర్చి మాట్లాడడానికి సంస్కారం అంత అవసరం.

మన పూర్వులు వ్యాఖ్యానాన్ని ఒక శాస్త్రంగా సాధన చేశారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడు. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారం పేరుతో ఆయన వంశనామం ముడిపడి ఉంది. మల్లినాథుడు తన వ్యాఖ్యకు రెండు నియమాలు పెట్టుకొన్నాడు. ఆధారం లేనిది రాయరాదనేది మొదటిది. అక్కరలేనిది చెప్పరాదనేది రెండవది. ఈ రెండింటిని పాటించడం వల్లనే శతాబ్దాలు గడిచినా ఆయన వ్యాఖ్యలు విద్యార్థులకు దారి చూపుతున్నాయి. శాస్త్రచర్చలో మరొక మర్యాద కూడా ఉండేది. ఎదుటివాని వాదాన్ని ఖండించడానికి ముందు దానిని పూర్వపక్షంగా, ఏ లోటూ లేకుండా వివరించాలి. ఆ తరువాతనే సిద్ధాంతం చెప్పాలి. ఎదుటివాని మాటను వక్రీకరించి గెలవడం గెలుపు అనిపించుకొనేది కాదు.

ఈ మర్యాద పాలమూరు ప్రాంతపు సంస్థానాలలో సభారూపం ధరించింది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను ఆహ్వానించి సత్కరించేవి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే స్థిరపడింది. తిరుపతి వెంకటకవులు సైతం ఈ సంస్థానాలను దర్శించారు. అవధాన సభలో పృచ్ఛకుడు క్లిష్టమైన సమస్య ఇస్తాడు, నిషేధాక్షరాలతో దారి మూస్తాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికే నియమితుడు. అయినా అతని మాట చమత్కారాన్ని దాటి అవమానంగా మారితే సభ హర్షించదు. ప్రశ్న ఎంత కఠినమైనా కావచ్చును గాని, ప్రశ్నించేవాడు కఠినుడు కానక్కరలేదు.

ఈ నియమాలను మరచి చేసిన వ్యాఖ్య ఎంతటి గాయం చేస్తుందో, దానికి సంస్కారవంతుడు ఏ విధంగా సమాధానం చెబుతాడో తెలిపే ఘట్టం ఒకటి ఆధునిక కాలంలో జరిగింది. ఆ సమాధానం చెప్పినవారు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన 1896లో నాటి గద్వాల సంస్థాన ప్రాంతంలో జన్మించారు. ఆ ప్రాంతం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. నిజాం రాజ్యంలో అప్పుడు ఉర్దూ రాజభాష. తెలుగు బడులు తక్కువ, అచ్చుకూటాలు మరీ తక్కువ. 1929 నాటి గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపడానికి సైతం ముందుగా ప్రభుత్వపు అనుమతి కావలసివచ్చేది. అటువంటి రోజులలో పత్రికయే ప్రజల నోరు. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి', ఇనుగుర్తి నుంచి 'తెనుగు' పత్రికలు వెలువడ్డాయి. 1926లో ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి 'గోలకొండ పత్రిక' ఆరంభమైంది.

ఆ కాలంలో ఒక పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని వ్యాఖ్యానించాడు. పూజ్యమంటే ఇక్కడ సున్న అని అర్థం. ఒక్క మాటతో ఒక ప్రాంతపు సాహిత్యమంతా లేనిదైపోయింది. ఆ మాట నిలిచిపోయి ఉంటే, తాటాకులలోను, చేతిరాత పుస్తకాలలోను మిగిలి ఉన్న కవిత్వాన్ని వెదకవలసిన అవసరం కూడా ఎవరికీ తోచకపోయేది. లేదన్నదానిని ఎవరు వెదకుతారు?

ప్రతాపరెడ్డి ఆ మాటకు నొచ్చుకొన్నారు. అయితే నిందకు ప్రతినిందను సమాధానంగా ఎంచుకోలేదు. తెలంగాణలోని కవుల వివరాలను, వారి పద్యాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించారు. వ్యాఖ్య ఒక వాక్యం, సమాధానం ఒక గ్రంథం. పూజ్యమనే మాటకు సున్న అనీ, పూజింపదగినదనీ రెండు అర్థాలున్నాయి. సంచిక వెలువడిన తరువాత మొదటి అర్థం తొలగి రెండవ అర్థమే నిలిచింది.

ఈ ఘట్టంలో గమనింపదగిన విషయాలు మూడు. మొదటిది, ఆ వ్యాఖ్యలోని దోషం కాఠిన్యం మాత్రమే కాదు. పరిశీలించకుండా తీర్పు చెప్పడం. తనకు కనిపించనిదంతా లేనిదని భావించడం విమర్శకునికి తగదు. రెండవది, సమాధానం వ్యక్తిని గాక వాదాన్ని ఎదుర్కొన్నది. అందువల్లనే వివాదం పాతబడినా గ్రంథం పాతబడలేదు. మూడవది, అనుచితమైన వ్యాఖ్య సైతం వివేకవంతుని చేతిలో ఉపకారమే అయింది. కవులు ఉన్నారన్నది ఎంత నిజమో, వారి రచనలు లోకానికి అందలేదన్నది అంతే నిజం. ప్రతాపరెడ్డి ఆ లోటును తీర్చారు.

పత్రికకు లేఖ రాసే విద్యార్థి అయినా, సభలో లేచి మాట్లాడే శ్రోత అయినా దీని నుంచి కొన్ని నియమాలు గ్రహించవచ్చును. రచనను పూర్తిగా చదివిన తరువాతనే అభిప్రాయం చెప్పాలి. గుణం కనిపిస్తే దానిని ముందుగా గుర్తించాలి. దోషం చూపేటప్పుడు ఏ వాక్యంలో ఉన్నదో, ఎందుకు దోషమో చెప్పాలి. రచయిత కులాన్ని, ప్రాంతాన్ని, రూపాన్ని చర్చలోకి లాగరాదు. ప్రస్తుత విషయాన్ని విడిచి తన పాండిత్యాన్ని ప్రదర్శించుకోరాదు. ప్రతాపరెడ్డి సైతం అనేక కలంపేర్లతో రాశారు. కలంపేరు తప్పు కాదు. సొంత పేరుతో అనలేని నిందను దాని చాటున అనడం తప్పు. తన మాట పొరపాటని తేలితే ఒప్పుకోవడానికి వెనుదీయరాదు.

వ్యాఖ్యను స్వీకరించేవానికి కూడా ధర్మం ఉన్నది. పొగడ్తకు ఉప్పొంగక, తెగడ్తకు కుంగక, అందులో సత్యమెంతో పరిశీలించాలి. అసలు ఏ స్పందనా లేకపోవడమే రచనకు అన్నిటికన్నా పెద్ద లోటు. రచయిత హృదయంతో సమానమైన హృదయం కలవానిని మన ఆలంకారికులు సహృదయుడన్నారు. సహృదయుడంటే మెచ్చుకొనేవాడు మాత్రమే కాదు. శ్రద్ధతో చదివి, నిర్భయంగా ఆలోచించి, మర్యాదగా మాట్లాడేవాడు.