గోడ నుంచి మొదలుపెడదాం
ఇంట్లో టీవీ, కంప్యూటర్ మొరాయించినప్పుడు

ఇంజనీరింగ్ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి మరునాడే గడువు. ఆ రాత్రి రాచర్లలోని మా ఇంట్లో కంప్యూటర్ తెరుచుకోలేదు. ఫ్యాను తిరుగుతున్నది, చిన్న దీపం వెలుగుతున్నది, తెర మాత్రం నల్లగానే ఉన్నది. ఏ కళాశాల ముందు, ఏది తరువాత అని మా అమ్మాయి పది రోజులు కూర్చుని తయారుచేసుకున్న పట్టిక అందులోనే ఉండిపోయింది. దానికి మరొక నకలు లేదు. పట్నంలోని ఒక మరమ్మతు దుకాణానికి ఫోన్ చేశాము. వారు యంత్రాన్ని చూడకుండానే, "మదర్‌బోర్డు పోయి ఉంటుంది, కొత్తది కొనుక్కోండి" అన్నారు.

ఇషా నమాజు ముగించుకుని మా మామ వచ్చారు. ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసిన చేయి ఆయనది. "రోగం తెలియకుండా మందు కొంటామా అమ్మా? ముందు ప్లగ్గు తియ్యి" అన్నారు. ప్లగ్గు తీయించి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టించి, పెట్టె పక్క రేకు విప్పించారు. ఇనుప రేకును ఒకసారి తాకి, లోపలి ర్యామ్ పట్టీని మెల్లగా ఊడదీశారు. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, టక్కుమనే వరకు తిరిగి నొక్కారు. ప్లగ్గు పెట్టగానే తెర వెలిగింది. అయిన ఖర్చు పిల్లవాడి పెన్సిల్ డబ్బాలోని రబ్బరు ముక్క మాత్రమే.

ప్రతి లోపమూ ఇంత సులువుగా తీరదు. అయితే మన ఇళ్లలో యంత్రం "పోయింది" అనుకున్న అనేక సందర్భాలలో పోయేది యంత్రం కాదు. కరెంటో, తీగో, దుమ్మో, ఒక చిన్న అమరికో కారణమై ఉంటుంది. అందుచేత వెతుకులాట గోడ దగ్గర మొదలై, ఒక్కొక్క అడుగుగా లోపలికి సాగాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు తీగలు ఒకేసారి కదిపితే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

ముందు కరెంటు

టీవీ అసలు వెలగకపోతే అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. అదీ పనిచేయకపోతే తప్పు టీవీది కాదు. ఛార్జర్ పనిచేస్తే టీవీ ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, స్టెబిలైజర్లు తరచుగా దోషులవుతాయి. టీవీపై ఎర్ర దీపం వెలుగుతూ తెర రాకపోతే, ప్లగ్గు తీసి అయిదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. లోపల చిక్కుపడిన ప్రోగ్రామ్ చాలాసార్లు దీనితోనే సర్దుకుంటుంది.

మన ప్రాంతంలో ఎండాకాలం చివర ఉరుములు, మెరుపులతో వానలు పడతాయి. ఆ సమయంలో స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్గు తీయాలి, డిష్ కేబుల్‌నూ విడదీయాలి. మిద్దెపై ఉన్న డిష్ నుంచి ఆ తీగ గుండా కూడా పిడుగు దెబ్బ లోపలికి రాగలదు. ఉరుము దూరాన వినిపించినప్పుడే ఈ పని చేయాలి, మెరుపులు నెత్తిమీదికి వచ్చాక తీగలు ముట్టుకోరాదు.

టీవీలో బొమ్మ రాకపోతే

"సిగ్నల్ లేదు" అనే అక్షరాలు తెరపై కనిపిస్తున్నాయంటే టీవీ బాగానే ఉన్నదని అర్థం. రిమోట్‌లో ఇన్‌పుట్ లేదా సోర్స్ బటన్ నొక్కి, సెట్‌టాప్ బాక్సు ఏ రంధ్రానికి తగిలించారో దానిని ఎంచుకోండి. పిల్లలు ఏదో నొక్కినప్పుడు మారేది చాలావరకు ఇదే.

బాక్సు పనిచేస్తున్నా ఛానెళ్లు రాకపోతే మిద్దె ఎక్కి చూడవలసి ఉంటుంది. నెలవారీ రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదనున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ ఉపగ్రహం, రాచర్ల నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కున కనిపించే చోట ఉంటుంది. నిరుడు అడ్డులేని వేపచెట్టు ఈ ఏడు ఆ వైపు కొమ్మ వేసిందేమో గమనించండి. కోతులు దూకి డిష్‌ను కదిల్చాయేమో, కేబుల్ కొనన ఉన్న మరలో నీరు చేరి తుప్పు పట్టిందేమో పరికించండి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట కొంచెం కిందికి వేలాడే వంపు ఇస్తే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. జోరువానలో మాత్రం ఏమీ కదపవద్దు. దట్టమైన వాన ఆ తరంగాలను మింగేస్తుంది, వాన వెలిస్తే ఛానెళ్లు వాటంతటవే వస్తాయి.

రిమోట్ పనిచేయకపోతే ఫోన్ ముందు కెమెరాకు ఎదురుగా పట్టి బటన్ నొక్కండి. మన కంటికి కనిపించని పరారుణ కాంతి చాలా ఫోన్ల తెరపై చిన్న చుక్కలా మెరుస్తుంది. మెరిస్తే రిమోట్ మంచిదే, టీవీ వైపు వెతకాలి. మెరవకపోతే బ్యాటరీలు మార్చి చూడాలి.

మాటలు వినిపిస్తూ బొమ్మ కనిపించకపోతే గదిని చీకటి చేసి, తెరపై టార్చిలైటును ఏటవాలుగా వేయండి. లోపల బొమ్మ లీలగా కదులుతుంటే తెర వెనుక వెలుగునిచ్చే దీపాల పట్టీలు పోయాయన్నమాట. తెర బాగానే ఉంటుంది, పట్టీలు మార్పించుకోవచ్చు. తెర పగిలి గీతలు, సిరా మరకలు కనిపిస్తే సంగతి వేరు. తెర మార్చే ఖర్చు తరచుగా కొత్త టీవీ ధరకు దగ్గరవుతుంది. ఈ తేడా తెలిసిన ఇల్లు మోసపోదు.

కంప్యూటర్ మొరాయిస్తే

కాసేపు పనిచేసి తనంతట తానే ఆగిపోతుంటే వేడిని అనుమానించండి. పాదరసం 40 డిగ్రీలు దాటే మన వేసవిలో, దుమ్ము పట్టిన ఫ్యాను లోపలి వేడిని బయటికి నెట్టలేదు. మార్కాపురం పలకల గనుల చుట్టుపక్కల ఇళ్లకు రాతిధూళి కూడా తోడవుతుంది. ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కను వేలితో పట్టి ఉంచి, మెత్తని పొడి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ వాడరాదు. పెట్టెను గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి.

ఏ వెబ్‌సైటు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తే ముందుగా కంప్యూటర్ తేదీని చూడండి. అది ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే, మదర్‌బోర్డుపై నాణెంలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్లు. తేదీ తప్పయితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాల గడువు లెక్క కుదరదు. చిన్న బ్యాటరీతో తీరే ఈ లోపాన్ని వైరస్ అనుకుని భయపడేవారున్నారు.

యంత్రం నిదానిస్తే డిస్కులో ఖాళీ ఎంత ఉందో చూడండి, తెరవగానే మొదలయ్యే అనవసర ప్రోగ్రాములను ఆపండి. పాత హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చాలా పాత కంప్యూటర్లు మళ్లీ చురుకుగా నడుస్తాయి. హార్డ్‌డిస్కు టిక్ టిక్ మని శబ్దం చేస్తుంటే మాత్రం ఆలస్యం చేయరాదు. ముఖ్యమైన వాటిని ముందు నకలు తీసుకోండి, మరమ్మతు తరువాత. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ కంప్యూటర్ పనిచేయడం మానదు. అయితే అందులో బ్యాంకు పనులు చేసేవారు కొత్త విండోస్‌కు మారడం గురించి ఆలోచించాలి.

ఎక్కడ ఆగాలి

కంప్యూటర్ పెట్టె పక్క రేకును, ప్లగ్గు తీశాక, పెద్దవారు విప్పవచ్చు. అందులోనే ఉండే కరెంటు సరఫరా పెట్టెను, టీవీ వెనుక మూతను, యూపీఎస్‌ను ఇంట్లో ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా వాటిలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పాత డబ్బా టీవీలలో అది వేల వోల్టులు. కాలిన వాసన, పొగ, ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీ కనిపిస్తే ఆపివేసి, తెలిసిన మెకానిక్‌ను పిలవడమే మార్గం.

కంప్యూటర్ పెట్టెను గాని, డిష్ కేబుల్‌ను గాని తాకితే చేయి జివ్వుమంటుందా? "అది మామూలే" అని వదిలేయకండి. ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదనడానికి అది ఒక గుర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైన, లావైన పిన్ను ఎర్తింగ్ కోసమే. దానిని విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చడం ప్రాణాలతో ఆడుకోవడమే. నేల ఎండిపోతే ఎర్తింగ్ బలం తగ్గుతుంది. మన మెట్ట నేలల్లో వేసవిలో ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే కరెంటు ఒంటిగుండా పారిన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. టీవీ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, బిడ్డను కొనుక్కోలేము.

ఫోన్‌లో వచ్చే మెకానిక్

కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతకకండి. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. బిల్లు మీద, వారంటీ కార్డు మీద ముద్రించిన నంబరుకే ఫోన్ చేయండి. మీ ఫోన్ తెరను తనకు చూపించే యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా, "పది రూపాయలు పంపండి" అన్నా వెంటనే పెట్టేయండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయాలి. వారంటీ ఉండి కూడా బాగుచేయకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నది.

బాగుపడే వస్తువును పారేయడం ఇస్రాఫ్. బాగుపడని దానిపై డబ్బు పోయడమూ అదే కోవలోకి వస్తుంది. రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి ఇంటివారు ఓ పావుగంట ఓపిక పడితే చాలు. ఆ రాత్రి తెర వెలగగానే మామ మా అమ్మాయిని ఆప్షన్లు పెట్టుకోనివ్వలేదు. "ముందు ఆ పట్టికను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు తల్లీ, ఒక కాగితం మీద కూడా రాసుకో" అన్నారు. ఆమె రెండూ చేసింది. ఆప్షన్లు పెట్టడం పూర్తయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ కాగితాన్ని మేము ఇప్పటికీ బీరువాలో దాచి ఉంచాము.